నాలుగిళ్ళ తాళాలు

ఆ నవల ఇప్పటికీ నా దగ్గర ఉంది. పారెయ్యడానికి మనసు ఒప్పలేదు, మళ్ళీ చదవడానికి అంతకన్నా ఒప్పలేదు. రచయిత ముందుమాట చివర ప్రెస్సు వాళ్ళకి కృతజ్ఞతలు చెబుతూ, పుస్తకం ఇంత శుద్ధంగా రావడానికి కారణమైన అమ్మాయి అని నన్ను కూడా తలుచుకున్నారు. ఆ వాక్యం కంటపడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంట సగం ఆయన మీద, సగం నా మీద.

తొంభైల మధ్యలో సంగతి. డిగ్రీ అయిపోయి, బీఈడీ సీటు రాక, ఇంట్లో కూర్చుంటే అమ్మ చూపులు భరించలేక, విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫ్ రీడర్‌గా చేరాను. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. నాన్నకి పోర్టులో ఉద్యోగం, మల్కాపురంలో అద్దె ఇల్లు. పొద్దున్నే బస్సెక్కి, రిఫైనరీ వాసన పీల్చుకుంటూ వన్ టౌన్‌లో దిగి, హోల్‌సేల్ కొట్ల ముందు బస్తాలు దించే తోపుడుబళ్ళని తప్పించుకుంటూ ఆ సందులోకి వెళ్ళేదాన్ని. ద్వారకా నగర్లో అప్పటికే కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే సెంటర్లు వీధికొకటి వెలిశాయి. మా ఓనరు గారు మాత్రం ఇంకా సీసపు అక్షరాలతోనే నెట్టుకొస్తున్నారు. శుభలేఖలు, లారీ ఆఫీసుల రసీదు పుస్తకాలు, కరపత్రాలు, అంతే పని. అలాంటి చోటికి మూడువందల పేజీల నవల అచ్చుకొచ్చిందంటే మాకది పెద్ద పండగే.

ఆ నవలని కూర్చిన మనిషికి అప్పటికి యాభై దాటాయి. రేవు పక్క పల్లెలో పుట్టి, తండ్రీ తాతా సముద్రం మీద బతికినా తాను మాత్రం అక్షరాల పనిలోకి వచ్చిన కంపోజిటర్. ఆయన తమ్ముడు ఇప్పటికీ వేటకి వెళతాడు. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని, ఆయన నన్ను తల్లీ అనేవాడు. పుస్తకం పని ఎలా జరిగేదంటే, ముందు పదహారు పేజీలకి సరిపడా అక్షరాలు కూర్చేవాడు. నేను ప్రూఫు దిద్దేదాన్ని, రచయిత చూసి మార్పులు పెట్టేవారు, చివరి ప్రూఫు మీద నేను సంతకం పెట్టాక అచ్చయ్యేది. తర్వాత ఆ అక్షరాలన్నీ విప్పి వాటి వాటి గళ్ళలో వేసుకుంటేనే తర్వాతి పదహారు పేజీలకి అక్షరాలు దొరికేవి. అందుకని అచ్చయిపోయిన పేజీలోకి వెనక్కి వెళ్ళి ఒక్క మాట మార్చాలన్నా కుదిరేది కాదు.

నవల విషయానికొస్తే, యుద్ధం నాటి విశాఖపట్నం కథ. తెల్లవాళ్ళ రాజ్యం. రేవు మీద జపాను విమానాలు బాంబులు వేసిన రోజులు. కథానాయిక ఒక పెద్ద వకీలు గారి కూతురు. కథానాయకుడు పగలు తెల్లదొర కింద యూనిఫాం వేసుకుంటాడు, సాయంత్రమైతే ఖద్దరు కడతాడు. సైరన్ మోగినప్పుడల్లా ఇద్దరూ ఒకే కందకంలో పడతారు, సైరన్ ఆగేదాకా ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటారు. ఇప్పుడు చెబుతుంటే వెటకారంగా ఉంది గానీ అప్పుడు నేను ఆ ప్రూఫుల మీద కన్నీళ్ళు పెట్టుకున్నాను. తడి కాగితం మీద ఎర్ర సిరా అలుక్కుపోతే బాబాయ్ నవ్వేవాడు. ఆ వకీలు గారి కూతురి జడ ఎంత పొడవో, ఆవిడ ఉత్తరాలు ఏ రంగు కవరులో పెట్టేదో నాకు నోటికి వచ్చేది. ఈ మాట దాచను. ఆ నవలని నేను ప్రేమించాను కాబట్టే నాకింత కోపం.

సగం పైన అయిపోయాక ఒక మధ్యాహ్నం, భోజనాలు అయ్యాక, బాబాయ్ చేతిరాత కాగితం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఈ పేజీ నాను కూర్చను తల్లీ. ఇంకెవరి సేతనైనా కూర్పించుకోండి," అన్నాడు.

చదివాను. బాంబులు పడ్డాక ఊరు ఊరంతా బళ్ళు కట్టుకుని పల్లెలకి పారిపోయింది. ఊరు ఖాళీ అయిన మర్నాడే రేవు పక్క పల్లెవాళ్ళు వచ్చి పడి, తాళాలు పగలగొట్టి, ఇత్తడి సామాన్లు గంపల కెత్తుకుని పోయారు. రెండు నెలలకి తిరిగొచ్చిన వకీలు గారి కూతురు తన ఇంట్లో నిలబడి చూస్తే పందిరి మంచం లేదు, అద్దం లేదు, వీణ లేదు, బోసి గోడలు. ఆమె ఏడుస్తుంటే కథానాయకుడు ఆ ఖాళీ గదిలో మొదటిసారి ఆమెని దగ్గరికి తీసుకుంటాడు. నవలంతటికీ పెద్ద ఘట్టం అది.

ఏం తప్పుంది బాబాయ్ ఇందులో అని అడిగాను. సిగ్గులేకుండా అడిగాను. ఆ పేజీ నేను అంతకుముందే రాతప్రతిలో చదివేశాను, ఆ కౌగిలి దగ్గర పైట చెంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. పల్లెవాళ్ళు గంపల కెత్తుకుపోయిన వాక్యం నా కళ్ళ ముందు నుంచే వెళ్ళింది. నాకు ఏ ముల్లూ గుచ్చుకోలేదు.

బాబాయ్ స్టూలు లాక్కుని కూర్చుని చెప్పాడు. ఆ రోజుల్లో వాళ్ళమ్మ కొత్తగా పెళ్ళై కాపరానికి వచ్చిన పిల్ల, పదహారో పదిహేడో. అత్తగారితో పాటు వన్ టౌన్‌లో చేపలు అమ్మేది. ఆవిడకి నాలుగిళ్ళు వాడిక, అంటే రోజూ ఆవిడ దగ్గరే కొనే ఇళ్ళు. బాంబులు పడ్డ మర్నాడు ఆ నాలుగిళ్ళ వాళ్ళూ పారిపోతూ, పనివాళ్ళు కూడా పారిపోయారు గనక, తాళాలు ఆవిడ చేతిలో పెట్టారు. పల్లెవాళ్ళు ఊరు వదల్లేదు. పడవలూ వలలూ ఒడ్డున వదిలేసి ఎక్కడికి పోతారు. రెండు నెలల పాటు ఆ నాలుగు తాళాలూ కొంగున ముడేసుకుని, రోజూ వెళ్ళి నాలుగు అరుగులూ ఊడ్చి, తలుపులు తోసి చూసుకుని వచ్చేది. తిరిగొచ్చాక మూడిళ్ళ వాళ్ళు తాళాలు పుచ్చుకుని ఇన్ని బియ్యం పోశారు. నాలుగో ఇంటావిడ మాత్రం పెద్ద ఇత్తడి గంగాళం కనపడలేదంది. తాళం పగల్లేదు, తాళంచెవి నీ దగ్గరే ఉంది, ఇంకెవరు తీస్తారంది. వీధిలో నిలబెట్టి అడిగింది. పల్లెలోకి మనిషిని పంపి కులపెద్దల్ని అడిగించింది.

పెద్దలు ప్రమాణం చెయ్యమన్నారు. తడిబట్టలతో అమ్మవారి గుడి ముందు నిలబడి, నేను గానీ తీస్తే నా కడుపున పుట్టబోయే మొదటి బిడ్డ నాకు దక్కకూడదని చెప్పి, వెలుగుతున్న దీపాన్ని అరచేత్తో ఆర్పింది. ప్రమాణం చేశాక పల్లె నమ్మింది. ఆ వీధి నమ్మలేదు. ఆ నాలుగిళ్ళే కాదు, ఆ వీధి మొత్తం ఆవిడ గంప దింపనివ్వలేదు. బాబాయ్ చిన్నప్పుడు బడికి ఆ వీధిలోంచే వెళితే, గంగాళం దాని కొడుకు అనేవారట.

"మొదటి బిడ్డని నానే కదా తల్లీ. యాబై ఏళ్ళు దాటినాయి, గుండ్రాయిలాగ ఉన్నాను. మా అమ్మ తీస్తే నాను బతుకుదునా?" అన్నాడు.

ఆవిడ ఉన్నారా అని అడిగాను. ఉంది, కళ్ళు సరిగా కనపడవు, చెవులు మాత్రం బాగా వినపడతాయి అన్నాడు. చచ్చేలోపల ఆ వీధివాళ్ళ నోటి వెంట నువ్వు దొంగవి కాదు అన్న మాట వినాలి, ఆవిడకి ఉన్న కోరిక అదొక్కటే. తీర్థాలకి తీసుకెళతానన్నా వద్దంటుందట.

ఓనరు గారు చెడ్డ మనిషి కాదు. కానీ నవల ఆగిందంటే ఆయన ప్రాణం పోయినంత పని. నీ పని కూర్చడం, చదవడం కాదు అని బాబాయ్ మీద అరిచారు. ముప్పై ఏళ్ళుగా ఊరందరి పెళ్ళిళ్ళూ చావులూ ఒక్కో అక్షరం ఏరి కూర్చిన మనిషితో అన్న మాట అది. మిగతా పేజీలు ద్వారకా నగర్ పంపి కంప్యూటర్ మీద చేయించుకుంటానని బెదిరించారు. అప్పుడు నేను మధ్యలో దూరాను. నేను వెళ్ళి రచయితగారితో మాట్లాడతానన్నాను. నాకెవరు చెప్పారు దూరమని? చదువుకున్నదాన్ని, పెద్దవాళ్ళతో మాట్లాడటం వచ్చు అనే పొగరు.

రచయిత పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. బీచ్ దగ్గర ఇల్లు. వెళితే భార్య చేత కాఫీ ఇప్పించి, ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. నేను తాళాల సంగతి, గంగాళం సంగతి, దీపం ఆర్పిన సంగతి అన్నీ చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. కాగితం తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టారు. ఎంత గొప్ప ఘట్టం అమ్మాయ్, ఇది నాకు ముందే తెలిసుంటేనా అన్నారు. ఆయన అప్పుడు ఏడెనిమిదేళ్ళ పిల్లవాడట, వాళ్ళ కుటుంబమూ పారిపోయిందట, దోపిడీ సంగతి వాళ్ళమ్మ చెప్పగా విన్నదేనట. మీ ఇంట్లో ఏం పోయాయి మాస్టారూ అని అడిగాను. మా ఇంట్లో ఏమీ పోయినట్టు గుర్తులేదు, అందరూ అనుకునేవారు అన్నారు. అంత తేలిగ్గా అన్నారు. అయినా నాకప్పుడు కోపం రాలేదు, ఎందుకంటే ఆయన ఈ తాళాల సంగతి తప్పకుండా పెడతాను, ప్రూఫులో మార్చి పంపుతాను, ముందు ఉన్నది ఉన్నట్టు కూర్చమను అన్నారు. నేను గాల్లో తేలుతూ ప్రెస్సుకి వచ్చాను.

బాబాయ్ నన్ను రెండుసార్లు అడిగాడు. మారుస్తానన్నాడా, తాళాల సంగతి రాస్తానన్నాడా అని. నా మాట మీద ఆ సాయంత్రమే ఆ పేజీ కూర్చాడు. నా మాట మీదే ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి చెప్పాడు, నీ కథ పుస్తకంలో వేస్తున్నారని.

నాలుగు రోజులకి ప్రూఫు తిరిగొచ్చింది. పక్కన మూడు కాగితాల కొత్త రాత పిన్ను చేసి ఉంది. నిలబడే చదివాను. వకీలు గారి భార్య ఊరు వదులుతూ ఒక నమ్మకమైన చేపలమ్మాయికి తాళాలు ఇస్తుంది. ఆ అమ్మాయి ఒంటరిగా కాపలా కాస్తుంది. దోచుకోవడానికి వచ్చిన తన పల్లెవాళ్ళకే అడ్డం నిలబడుతుంది. వాళ్ళు ఆమెని కొట్టి పడేసి ఇల్లు దోచుకుపోతారు. ఆ పిల్ల కథానాయిక తిరిగొచ్చేదాకా ప్రాణం నిలుపుకుని, తాళాలు ఆమె చేతిలో పెట్టి, ఆమె ఒళ్ళో తల వాలుస్తుంది. తర్వాత మళ్ళీ అదే ఖాళీ గది, అదే కౌగిలి. పల్లెవాళ్ళు తాళాలు పగలగొట్టి గంపల కెత్తుకుపోయిన వాక్యం మీద కలం కూడా ఆనలేదు.

ఆయనకి కౌగిలికి ఖాళీ గది కావాలి. గది ఖాళీ కావాలంటే దొంగలు కావాలి. దొంగలు కావలసినప్పుడు పల్లెవాళ్ళు ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటారు. జపాను వాడు బాంబులు వేశాడు, తెల్లవాడు ఊరిని గాలికొదిలేశాడు, చివరికి పుస్తకంలో దొంగతనం మాత్రం చేపలమ్ముకునేవాళ్ళ నెత్తిన పడింది.

ప్రెస్సు ఫోను నుంచే ఆయనకి ఫోను చేశాను. ఎంతో ఓపికగా విన్నారు. నవలన్నాక కథ అవసరాన్ని బట్టి ఉంటుంది అమ్మాయ్, అయినా వాళ్ళ జాతి గొప్పతనం చూపించాను కదా, ఆ పిల్ల చచ్చిపోతే చదివినవాళ్ళు కంటతడి పెట్టకుండా ఉండలేరు అన్నారు. ఆ పిల్ల బతికే ఉంది మాస్టారూ, డెబ్బై దాటినా మా కంపోజిటర్ గారి ఇంట్లో గంజి తాగుతోంది అని నేను అని ఉండాల్సింది. అనలేదు. సరేనండి అన్నాను. గొంతులో ఆ సరే ఎలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

బాబాయ్ ఆ మూడు కాగితాలూ కూర్చాడు. ఈసారి అడ్డం చెప్పలేదు. కూర్చడం అయ్యాక చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటూ ఒక్క మాటన్నాడు.

"మంచిదాన్ని సంపేసినాడు. దొంగల్ని బతకనిచ్చినాడు."

చివరి ప్రూఫు మీద, అచ్చుకి ఇవ్వవచ్చు అని రాసి కింద సంతకం పెట్టాల్సింది నేను. ఆవిష్కరణ తేదీ ఖాయమైపోయిందని ఓనరు గారు నా వెనకే నిలబడ్డారు. పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. పెట్టనంటే ఏమయ్యేది, మహా అయితే ఉద్యోగం పోయేది, అమ్మ నాలుగు తిట్టేది. దానికే భయపడ్డాను.

ద్వారకా నగర్లో ఒక హాల్లో ఆవిష్కరణ. వక్తలందరూ ఆ చేపలమ్మాయి చావు గురించే మాట్లాడారు. ఒకాయనకి మధ్యలో ఏడుపొచ్చి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. శాలువాలు కప్పారు. వెనక వరసలో నేనూ ఓనరు గారూ కూర్చున్నాం. బాబాయ్ రాలేదు.

తర్వాత వారం బాబాయ్ నా బల్ల దగ్గరికి వచ్చి, వాళ్ళమ్మ పుస్తకం గురించి రోజూ అడుగుతోందని, ఆదివారం ఒకసారి వచ్చి చదివి వినిపించమని అడిగాడు. నువ్వే చదవచ్చు కదా బాబాయ్ అన్నాను. నా వల్ల కాదన్నాడు. మరి నేనేం చదవను అని అడిగితే నా ముఖం చూడకుండా, "ఏటి సదుతావో నీ ఇష్టం తల్లీ," అన్నాడు.

రెండు గదుల పెంకుటిల్లు. గుమ్మంలో వల ఆరేసి ఉంది. బాబాయ్ వాళ్ళమ్మ, నాకు మామ్మ, మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. చిన్న మనిషి, గట్టి గొంతు. తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టుకుని నా కోసం ఎదురుచూస్తోంది. కోడలు నాకు కుర్చీ వేసింది. పుస్తకం తెరిచి, ఆ పేజీ తీసి, అందులో లేనిది చదివాను. బాంబులు పడ్డాయి. పల్లెవాళ్ళు ఊరు వదల్లేదు. ఒక చేపలమ్మాయి నాలుగిళ్ళ తాళాలు కొంగున కట్టుకుని రెండు నెలలు కాపలా కాసింది. ఒక్క చెంబు కూడా పోలేదు. తిరిగొచ్చిన వాళ్ళు ఆమె చేతులు పట్టుకుని, నువ్వు లేకపోతే మా ఇళ్ళు ఏమయ్యేవి అన్నారు. ఎదుట ఉన్న కాగితంలోని ప్రతి కామా చూసి దిద్దడమే నా వృత్తి. ఆ రోజు ఆ కాగితంలో లేని మాటలు, తడుముకోకుండా, రాగం తీస్తూ చదివాను. బాబాయ్ గుమ్మం దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. అసలు పేజీలో ఏముందో అక్షరం అక్షరం ఆయన వేళ్ళకి తెలుసు.

మామ్మ కదలకుండా విన్నది. అయిపోయాక ఇలా అంది.

"బాగుంది. ఇప్పుడు ఆ నాలుగో ఇంటికి ఎల్లు. ఆళ్ళకి కూడా ఇలాగే సదివి ఇనిపించు. ఇన్నాక ఏటంటారో నాకొచ్చి సెప్పు."

నేను బాబాయ్ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. మామ్మ ఇల్లు గుర్తులు చెప్పింది. సందు మలుపులో రెండంతస్తుల మేడ, ముందు రెండు అరుగులు, ఎడమ అరుగుకి రాతి పలక పగిలి ఉంటుంది అంది. అయిదు దశాబ్దాలు ఆ గుమ్మం తొక్కని మనిషి చెప్పిన గుర్తులు అవి. వెళ్ళి చూస్తే పలక ఇంకా పగిలే ఉంది.

ఎందుకు వెళ్ళానో కచ్చితంగా చెప్పలేను. వెళ్ళానని అబద్ధం చెప్పినా సరిపోయేది. ఇంకో అబద్ధం ఆడటానికి ధైర్యం చాలక వెళ్ళానేమో. తలుపు తీసినావిడకి అరవై పైన ఉంటాయి. ఆ ఇంటి కోడలు. ప్రెస్సు నుంచి వచ్చానని, నవల గురించి అని చెప్పగానే సంబరపడి కూర్చోబెట్టింది. పుస్తకం అప్పటికే ఆ ఇంట్లో ఉంది, రచయిత స్వయంగా పంపారట. మా అత్తగారు చెప్పేవారు, అచ్చం అలాగే రాశారు, ఆ రోజుల్లో ఎంత దోచుకున్నారనీ అంది. మీ ఇంట్లో ఏం పోయాయండీ అని అడిగాను. గంగాళం అని చెప్పి, తనలో తాను నవ్వుకుంది.

ఆ నవ్వు ఎందుకో అడిగాను. ఆవిడ తమాషా కబురు చెబుతున్నట్టు చెప్పింది. ఆ గంగాళం అసలు ఇంట్లో వదలనే లేదట. బళ్ళో వాళ్ళతోనే వెళ్ళిందట, తలదాచుకున్న ఊళ్ళో చుట్టాల పెరట్లో మర్చిపోయి వచ్చారట. మరుసటేడు మామగారు పని మీద ఆ ఊరు వెళితే కనపడి, బండిలో వేసుకొచ్చారట. నా పెళ్ళిలో స్నానాలకి నీళ్ళు దాంట్లోనే కాచారమ్మా అంది.

మరి మీ అత్తగారు దోచుకున్నారని చెప్పేవారన్నారు కదా అని అడిగాను. ఆవిడకి అలా చెప్పడం అలవాటైపోయింది అంది.

"దొరికిందని ఆమెకి ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"ఎవరికి?" అంది.

నిజంగానే అడిగింది. దబాయించడానికి కాదు, దాటెయ్యడానికి కాదు. ఎవరికి చెప్పాలో ఆవిడకి తోచలేదు. తాళం మోసిన మనిషి ఒకతె ఉందని, ఆమెకి ఒక మొహం ఉందని ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ తట్టలేదు. పరాయి ఇంట్లో నేను గొంతెత్తి అరిచింది నా జన్మలో ఆ ఒక్కరోజే. వీధిలో నిలబెట్టి దొంగ అన్నారు, దీపం ఆర్పించారు, వీధి వీధంతా గంప దింపనివ్వకుండా చేశారు, గంగాళం దొరికాక అందులో నీళ్ళు కాచుకున్నారు అని అరిచాను. ఆవిడ బిత్తరపోయింది. ఆమె బతికే ఉంది, ఇక్కడి నుంచి నడిచి వెళ్ళే దూరం, వచ్చి ఒక్క మాట చెప్పండి చాలు అన్నాను. ఆవిడ మోకాళ్ళు నిమురుకుంటూ, నాకు మోకాళ్ళ నొప్పులమ్మా, మెట్లు దిగితే రెండు రోజులు లేవలేను, అయినా అత్తగారి కాలం నాటి సంగతికి నన్ను రమ్మంటావేం, నువ్వే చెప్పెయ్యి అంది. కాఫీ చల్లారిపోతోంది తాగమంది. తాగలేదు. గ్లాసు అలాగే వదిలేసి వచ్చేశాను.

తిన్నగా మామ్మ దగ్గరికే వెళ్ళాను. బాబాయ్ కూడా ఇంట్లోనే ఉన్నాడు. ముందు నా అబద్ధం చెప్పాను. పుస్తకంలో నేను చదివింది లేదని, పల్లెవాళ్ళు దోచుకున్నారనే ఉందని, అది తెలిసీ సంతకం పెట్టి అచ్చుకి ఇచ్చింది నేనేనని చెప్పాను. మామ్మకి కోపం వచ్చిందో లేదో తెలియలేదు. తర్వాత గంగాళం సంగతి చెప్పాను.

"ఎప్పుడు దొరికింది?" అని అడిగింది.

మరుసటేడే అన్నాను. ఆవిడ మంచం పట్టె పట్టుకుని ముందుకి వంగింది. మరుసటేడు ఎప్పుడు, ఏ కాలం అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆవిడ పెదవులు కదుపుతూ లోపల ఏవో నెలలు లెక్కపెట్టుకుంది. బాబాయ్ లేచి దగ్గరికి వచ్చాడు. అప్పుడు మామ్మ కొడుకు వైపు తిరిగి, అతనికి యాభై ఏళ్ళుగా చెప్పని సంగతి చెప్పింది.

"నువ్వు మొదటోడివి కాదురా. నీకు ముందు ఆడపిల్ల. మా కన్నోరింటికాడ పుట్టింది. తొమ్మిది రోజులు బతికింది. కడుపు పోయిందని ఇక్కడ సెప్పినాం. తెలిత్తే దొంగ పెమానం సేసిందంటారని మా అమ్మ సెప్పనియ్యనేదు."

బాబాయ్ నేల మీద కూర్చుని వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకున్నాడు. మామ్మ ఇంకా చెబుతూనే ఉంది. తను తియ్యలేదని తనకి తెలుసట. కానీ తాళాలు తన దగ్గరుండగా, తను చేపలకి రేవు కెళ్ళినప్పుడు ఎవరైనా ఏ దారినైనా దూరి తీసుంటే, ఆ పాపం తాళం పట్టినదానిదే కదా అనుకుందట. తెలియక అబద్ధపు ప్రమాణం చేశానేమో, అమ్మవారు అందుకే పిల్లని పట్టుకుపోయిందేమో అని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా లోపల పెట్టుకుందట. ఆ వీధివాళ్ళ నోటితో ఒక్క మాట వినాలని ఎందుకు అడిగేదో నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడకి కావలసింది పరువు కాదు.

"అయితే ఆ పిల్ల నా పెమానం వల్ల పోనేదు. కాదేటి?" అని నన్ను అడిగింది.

ప్రమాణం వల్ల కాదు మామ్మా అన్నాను. బాబాయ్ కూడా ఏడుస్తూ కాదన్నాడు. మా ఇద్దరి మాటా ఆవిడకి ఆనలేదు. నా మాట ఎందుకు నమ్మాలి, ఇదివరకు లేనిది ఉన్నట్టు చదివి వినిపించిన మనిషిని కదా నేను. కనపడని కళ్ళతో నా వైపే చూస్తూ, "ఆళ్ళొచ్చి సెప్తారేటి?" అని అడిగింది.

"రారు మామ్మా. మోకాళ్ళ నొప్పులట," అన్నాను.